వెలుగు చూడని ‘నంబర్ 13’

1922వ సంవత్సరంలో లండను నగరపు హాక్స్‌టన్ పేటలో, రీజెంట్ కాలువ ఒడ్డున ఉన్న ఇజ్లింగ్టన్ స్టూడియోలో, ఒక చిన్న మూకీ చిత్రం చిత్రీకరణ మొదలైనది. దాని పేరు ‘నంబర్ 13’. ‘మిసెస్ పీబాడీ’ అనే మరొక పేరు కూడా దానికి కలదు. నిర్మాతయు, దర్శకుడును ఒక్కడే. ఇరవైరెండు, ఇరవైమూడేండ్ల యువకుడు. అంతకుముందు ఒక్క చిత్రానికైనా దర్శకత్వం వహించినవాడు కాడు. కొన్ని దృశ్యాలు తీసిన పిమ్మట డబ్బు అయిపోయినది. పని నిలిచిపోయినది. తీసినంత ఫిలిం ఏ థియేటరు తెరమీదికీ ఎక్కలేదు. ఈనాడు అందులో ఒక్క అడుగైనా మిగిలి లేదు.

ఇట్లు మొదలై మధ్యలో ఆగిపోయిన చిత్రాలకు ఏ దేశంలోను కొదువ లేదు. కాని వాటి పేర్లు సాధారణంగా వాటికి అప్పిచ్చినవారికి తప్ప ఇతరులకు జ్ఞాపకముండవు. ‘నంబర్ 13’ పేరు మాత్రం నేటికిని సినిమా చరిత్ర గ్రంథాలలో తప్పక కనబడుతున్నది. ఆ యువకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ కావడమే అందుకు కారణం.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండను తూర్పు శివారైన లేటన్‌స్టన్‌లో, కూరగాయలమ్మే వర్తకుని ఇంట పుట్టినాడు. 1914లో తండ్రి చనిపోయినాడు. కుటుంబభారం మీద పడిన ఆ పిల్లవాడు, విద్యుత్తు తీగలు తయారుచేసే హెన్లీ టెలిగ్రాఫ్ కంపెనీలో గుమాస్తాగా కుదిరినాడు. బొమ్మలు వేయగలడని తెలిసి యజమానులు అతనిని ప్రకటనల శాఖకు మార్చినారు. ఆ కంపెనీ ఉద్యోగులు నడుపుకొన్న పత్రికలో 1919లో అతడు ‘గ్యాస్’ అనే చిన్న కథ ఒకటి వ్రాసినాడు. పారిస్ నగరంలో దుండగుల చేతికి చిక్కిన ఒక స్త్రీ పడే భయమంతా చెప్పి, చివర ఒక్క మాటతో అది పంటివైద్యుని కుర్చీలో మత్తువాయువు పీల్చినప్పటి కల అని తేల్చివేస్తాడు. కథగా అది గొప్పది కాదు. కాని తరువాత యాభై ఏండ్లపాటు అతడు తెరమీద చేసిన పని, చూచేవారిని భయపెట్టి ఆ భయాన్ని చూచి నవ్వుకోవడం, ఆ ఒక్క పుటలోనే ఉన్నది. మొదట అతడు కథకుడు. కెమెరా తరువాత వచ్చినది.

ఆ ఏడాదే అమెరికా కంపెనీ ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ లండనులో స్టూడియో పెట్టదలచినది. ఒక రైలు కంపెనీకి విద్యుత్తు సరఫరా చేసిన పాత కర్మాగారాన్ని కొని స్టూడియోగా మార్చినారు. మేరీ కొరెల్లి నవల ‘సారోస్ ఆఫ్ సేటన్’ను వారు చిత్రంగా తీస్తారని పత్రికలో చదివి, హిచ్‌కాక్ ఆ నవలకు తగిన టైటిలు కార్డులు గీసికొని వారి వద్దకు వెళ్ళినాడు. వారు ఆ చిత్రాన్ని విరమించుకొన్నారు. బొమ్మలు గీసిన కుర్రవానిని మాత్రం ఉంచుకొన్నారు. మూకీ చిత్రాలలో సంభాషణలను, కథాసంధులను అచ్చుముక్కలుగా తెరపై చూపే కార్డులే టైటిలు కార్డులు. వాటిపై అక్షరాలతో పాటు చిన్న బొమ్మ కూడా ఉండేది. ఒకడు జీవితాన్ని దుబారా చేస్తున్నాడని వ్రాసినచోట, రెండు కొసల మండుతున్న కొవ్వొత్తిని గీసేవాడినని హిచ్‌కాక్ తరువాత చెప్పినాడు. 1920 మొదలు 1922 వరకు ఆ స్టూడియో చిత్రాలలో సుమారు ఒక డజనుకు అతడే కార్డులు వ్రాసినాడు.

రచయితలు గమనింపదగిన విషయమొకటి ఇక్కడ ఉన్నది. ఆ స్టూడియో కథావిభాగంలో ఈవ్ అన్‌సెల్, మార్గరెట్ టర్న్‌బుల్, వీడా బెర్జేర్ మొదలైన అమెరికా రచయిత్రులు పనిచేసినారు. కథను దృశ్యాలుగా విరిచి వ్రాయడం ఇక్కడి ఈ స్త్రీల వద్దనే తాను నేర్చుకొన్నానని హిచ్‌కాక్ ఒప్పుకొన్నాడు. మరొకటి కూడా అక్కడనే నేర్చుకొన్నాడు. చిత్రం పాడైపోయినప్పుడు కార్డులమీది మాటలు మార్చితే చాలును, విషాదకథ హాస్యకథ అయిపోయేది, దుష్టుడు ఉదారుడైపోయేవాడు. బొమ్మకు అర్థమిచ్చేది దాని ప్రక్కన నిలిచిన మాట అని అంత స్పష్టంగా నేర్పే పాఠశాల ఆ రోజులలో మరొకటి లేదు.

1922 నాటికి అమెరికా వారి లండను ప్రయోగం విఫలమైనది. వారు చిత్రాలు తీయడం మానుకొని, స్టూడియోను అద్దెకిచ్చే స్థితికి వచ్చినారు. సరిగా ఈ సంధికాలంలోనే ‘నంబర్ 13’ పుట్టినది. కథ వ్రాసినది ఆనిటా రాస్ అనే ఉద్యోగిని. ఆమె అంతకుముందు చాప్లిన్ వద్ద పనిచేసినదని చెప్పుకొనేవారు. ఆ రోజులలో చాప్లిన్ నీడ సోకినవారి మాటకు స్టూడియోలలో తిరుగు లేదు. హిచ్‌కాక్‌కు దర్శకత్వం అప్పగించడానికి ఆ పేరు కొంత తోడ్పడినది. హిచ్‌కాక్ జీవితచరిత్రలలో ఆమె పేరు వచ్చే సందర్భం ఇది ఒక్కటే.

కథ లండను పేదలది. జార్జి పీబాడీ అనే అమెరికా దేశీయుడు లండనులో స్థిరపడి బ్యాంకు వ్యాపారంలో గొప్ప ధనం గడించినాడు. లండను పేదల వసతికై అతడు 1862లో లక్షా యాభైవేల పౌనులతో ఒక నిధిని ఏర్పరచినాడు. తరువాత పెంచుతూ మొత్తం అయిదు లక్షలకు చేర్చినాడు. 1864లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో మొదటి భవనం లేచినది. సత్రాలు కట్టించిన మన దాతలకును ఇతనికిని ఒక భేదమున్నది. పీబాడీ నిధి ఉచితంగా ఇండ్లు ఇవ్వలేదు, అద్దె తక్కువ, కాని క్రమంగా చెల్లించాలి, నడవడి బాగుండాలి. దానంలోనే ఒక కట్టుదిట్టం. ఈ భవనాలలో కాపురముండే అల్పాదాయ కుటుంబాల బ్రతుకే ‘నంబర్ 13’కు వస్తువు. అమెరికా ధనంతో లండనులో కట్టిన ఇండ్ల కథను, అమెరికా ధనంతో లండనులో వెలసిన స్టూడియోలో తీయబూనినారు. ఆ ఇండ్లు నిలిచినవి. స్టూడియోలోని అమెరికా ధనం నిలువలేదు.

నటీనటులు సామాన్యులు కారు. నాయిక క్లేర్ గ్రీట్. 1871లో పుట్టిన ఈమె అప్పటికే యాభై ఏండ్లు దాటిన రంగస్థల నటి. బెర్నార్డ్ షా నాటకాలలో నటించి పేరు పొందినది. శ్రామిక స్త్రీల పాత్రలకు ఆమె పెట్టినది పేరు. ఆమెకు జోడి ఎర్నెస్ట్ థెసిజర్. ఈ పేరు భారతీయులకు మరొక విధంగా పరిచితమే. 1916 మొదలు 1921 వరకు మన దేశాన్ని పాలించిన వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఇంటిపేరు థెసిజర్. ఈ నటుడు ఆయన పినతండ్రి కుమారుడు. మన దేశంలో సినిమా సెన్సారుకు పునాది వేసిన 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఆ వైస్రాయి కాలంలోనే వచ్చినది. అన్నగారి ప్రభుత్వం ఇండియాలో చిత్రాలపై నిఘా పెట్టిన కొద్ది ఏండ్లకు తమ్ముడు లండనులో పేదల ఇండ్ల చిత్రంలో వేషం కట్టినాడు. చరిత్రలో ఇటువంటివి కాకతాళీయాలు, అంతకంటె ఎక్కువ అర్థం తీయరాదు. కాని చూచీ చూడనట్లు పోవడానికి మనసొప్పదు.

డబ్బు విషయానికి వద్దాం. రచయిత సగం వ్రాసి ఆపిన నవల బీరువాలో పదేండ్లు పడి ఉండవచ్చును, అద్దె అడగదు. సగం తీసిన చిత్రానికి ఆ సౌఖ్యం లేదు. స్టూడియో అద్దె రోజు లెక్క. దీపాలు వెలిగినంతసేపు ఖర్చు. ఫిలిం అడుగు లెక్క. నటులకు జీతం, కెమెరా మనిషికి జీతం, వడ్రంగికి కూలి. సెట్టు ఒకసారి విప్పివేస్తే మళ్ళీ కట్టాలి. నటుడు వేరొక నాటకానికి పోతే మళ్ళీ దొరకడు. పని ఆగిన చిత్రం ఆగిన మరునాటినుండే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. ‘నంబర్ 13’ పూర్తి అయియుంటే రెండు రీళ్ళ చిత్రం. తెరమీద అరగంట నిండదు. అయినను యువకుని వద్ద ఉన్న సొమ్ము చాలలేదు. అప్పుడు ఇద్దరు ముందుకు వచ్చినారు. ఒకరు హిచ్‌కాక్ బంధువు జాన్ హిచ్‌కాక్. తండ్రి సోదరుడు, చేపల వ్యాపారంలో బాగా గడించినవాడు, ఆ కుటుంబమంతటిలో కలిగినవాడు. ఆయన కొంత పెట్టుబడి పెట్టినాడు. అదియు చాలలేదు. రెండవవారు క్లేర్ గ్రీట్. జీతం తీసికోవలసిన నటి తన సొంత సొమ్ము తెచ్చి చిత్రంలో పోసినది. అదియు కరిగిపోయినది. చిత్రం అక్కడితో నిలిచినది.

సినిమా చరిత్రకారులు ఈ ఘట్టాన్ని సాధారణంగా ఒక వాక్యంలో దాటివేస్తారు. గొప్ప దర్శకుని తొలి తొట్రుపాటు అని చిరునవ్వు నవ్వి ముందుకు పోతారు. ఆ తొట్రుపాటుకు వెల కట్టినవారు వేరు. యాభై దాటిన నటికి రంగస్థలంమీద వచ్చే ఆదాయమెంత, దానిలో మిగిలేదెంత అని ఎవరును అడుగరు. హిచ్‌కాక్ మాత్రం మరవలేదని చెప్పుటకు ఆధారమున్నది. 1927లో ‘ది రింగ్’, 1929లో ‘ది మాంక్స్‌మన్’, 1930లో ‘మర్డర్’, 1934లో ‘ది మాన్ హూ న్యూ టూ మచ్’, 1936లో ‘సాబొటాజ్’ — వీటన్నిటిలో క్లేర్ గ్రీట్‌కు చిన్నదో పెద్దదో ఒక వేషం దొరికినది. 1939లో ఆమె మరణించినది. ఆ ఏడాది విడుదలైన ‘జమైకా ఇన్’లోను ఆమె ఉన్నది. ఆ చిత్రంతోనే హిచ్‌కాక్ ఇంగ్లండు విడిచి అమెరికాకు పోయినాడు. ఋణపత్రం లేని ఋణాన్ని పన్నెండేండ్లు అతడు వేషాలతో తీర్చుకొన్నాడని అనుకోవచ్చును.

‘నంబర్ 13’ ఆగిన తరువాత అతనిని ఎవరును వెంటనే దర్శకునిగా పిలువలేదు. 1923లో ‘ఆల్వేస్ టెల్ యువర్ వైఫ్’ అనే చిన్న చిత్రానికి దర్శకుడు మధ్యలో తప్పుకొనగా, నటుడు సీమూర్ హిక్స్‌తో కలిసి దానిని పూర్తిచేసినాడు. ఆ ఏడే మైకేల్ బాల్కన్ మొదలైనవారు అదే స్టూడియోను అద్దెకు తీసికొని ‘వుమన్ టు వుమన్’ తీసినారు. హిచ్‌కాక్ దానికి సహాయదర్శకుడు, రచనలో భాగస్వామి, సెట్ల రూపకర్త కూడా. మళ్ళీ సొంతంగా దర్శకత్వం అతనికి 1925లో గాని దక్కలేదు. అదియు జర్మనీలో, ‘ది ప్లెజర్ గార్డెన్’ చిత్రానికి. అక్కడను డబ్బు పీడ వదలలేదు. ఇటలీ సరిహద్దులో సుంకాధికారులు ముడిఫిలింను పట్టుకొన్నారు. జెనోవాలో చేతిసొమ్ము దొంగల పాలైనది. తోటివారివద్ద అప్పు చేసి దృశ్యాలు తీయవలసి వచ్చినది. ఈసారి చిత్రం ఆగలేదు.

1926లో తీసిన ‘ది లాడ్జర్’ సంగతి ఇంకను చిత్రమైనది. చిత్రం పూర్తి అయినది, పంపిణీదారు సి. ఎం. వుల్ఫ్ చూచి, ఇది పనికిరాదని మూలకు పెట్టించినాడు. అదియు వెలుగు చూడని చిత్రాల జాబితాలో చేరవలసినదే. బాల్కన్ అప్పుడు ఐవర్ మాంటేగు అనే యువకుని పిలిపించి చిత్రాన్ని సరిదిద్దమన్నాడు. మాంటేగు చేసిన ముఖ్యమైన పని టైటిలు కార్డులను తగ్గించడం. వందల కొలది ఉన్నవాటిని సుమారు 80కి కుదించినాడు. కార్డులు వ్రాసి పైకి వచ్చినవాని చిత్రాన్ని కార్డులు తీసివేయడమే కాపాడినది. 1927 మొదట విడుదలై ‘ది లాడ్జర్’ ఘనవిజయం పొందినది. ఈ ఐవర్ మాంటేగు ఎవరనుకొన్నారు? 1917 మొదలు 1922 వరకు భారత వ్యవహారాల మంత్రిగా ఉండిన ఎడ్విన్ మాంటేగుకు సోదరుని కుమారుడు. మాంటేగు-చెమ్స్‌ఫర్డు సంస్కరణలు మన దేశంలో ఎవరినీ తృప్తిపరచలేదు. ఆ రెండు ఇండ్ల పిల్లలు హిచ్‌కాక్ తొలినాళ్ళలో ఒకడు మునిగిన చిత్రంలోను, ఒకడు తేలిన చిత్రంలోను చేయి వేసినారు.

‘నంబర్ 13’ గురించి మనకు తెలిసినదంతా దాదాపు హిచ్‌కాక్ చెప్పినదే. 1962 ఆగస్టులో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో హాలీవుడ్డుకు వెళ్ళి, అయిదువందల ప్రశ్నలు సిద్ధం చేసికొని, హెలెన్ స్కాట్ దుబాసీగా, అతనిని వరుసగా కొన్ని రోజులు ప్రశ్నించినాడు. ఆ గ్రంథం 1966లో ఫ్రెంచిలోను, మరుసటి ఏడు ఇంగ్లీషులోను వెలువడినది. అందులో ‘నంబర్ 13’కు దక్కినవి కొద్ది వాక్యాలు. అది అంత మంచి చిత్రం కాదని, సరిగా అప్పుడే అమెరికావారు స్టూడియో మూసినారని చెప్పి అతడు ముందుకు సాగిపోయినాడు. ఆ కొద్ది వాక్యాలే చాలినవి. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరం’లో ఎత్తి చూపకపోతే పేరైనా మిగలని తెలుగు కావ్యాలు ఎన్ని ఉన్నవో సాహిత్య చరిత్ర చదివినవారికి తెలుసును. కావ్యం పోయినను ఉదాహరించినవాడు నిలిస్తే కవి పేరు నిలుస్తుంది. ఇక్కడ ఉదాహరించినవాడు తానే.

ఇంచుమించు అదే సమయంలో మద్రాసులో ఒక తెలుగు యువకుని తొలి చిత్రం వెలువడినది. రఘుపతి వెంకయ్యనాయుడుగారు మచిలీపట్టణానికి చెందినవారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపినారు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టుపెట్టి, బొమ్మతోపాటు ధ్వనిని వినిపించే క్రోనో మెగాఫోన్ యంత్రాన్ని ముప్పైవేల రూపాయలతో తెప్పించినారు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చి, దానిని తీసికొని సింహళం, బర్మా వరకు తిరిగినారు. తరువాత మౌంటు రోడ్డులో గెయిటీ థియేటరు కట్టినారు. క్రౌన్, గ్లోబ్ థియేటర్లు వెలసినవి. కుమారుడు సూర్యప్రకాశ్‌ను సినిమా విద్య నేర్వడానికి లండనుకు పంపినారు. అతడు బార్కర్ సంస్థలో పని నేర్చినాడు. తిరిగివచ్చిన తరువాత తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఫిలిం కంపెనీ స్థాపించి 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ తీసినారు. భీష్ముడు ప్రకాశే.

‘నంబర్ 13’ వంటి గతి దీనికి పట్టలేదు. చిత్రం పూర్తి అయినది, ప్రదర్శింపబడినది, జనం చూచినారు. సి. పుల్లయ్య, వై. వి. రావు వంటివారు ప్రకాశ్ వద్దనే పని నేర్చినారు. 1934 నాటి ‘లవకుశ’ తీసిన పుల్లయ్యగారి చేతిలోని నేర్పుకు తొలి పాఠం అక్కడిదే. కాని చిత్రనిర్మాణం తండ్రి ఆస్తిని తినివేసినది, థియేటర్లు చేజారినవి. వెంకయ్యనాయుడుగారు 1941లో, ప్రకాశ్ 1956లో కన్నుమూసినారు. ‘భీష్మప్రతిజ్ఞ’ ఫిలిం నేడు లేదు. ఆగిపోయిన లండను చిత్రమూ, పూర్తి అయిన మద్రాసు చిత్రమూ ఫిలింగా ఇప్పుడు సమానమే, రెండును శూన్యం. భేదమంతా తరువాతి మాటలలోనిది. ప్రకాశ్ బ్రతికియుండగా అయిదువందల ప్రశ్నలతో అతని గుమ్మం త్రొక్కిన ట్రూఫో ఎవరును లేరు. 1980 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తండ్రిపేర పురస్కారం ఇస్తూ వచ్చినది. కొడుకు తీసిన దృశ్యాలు ఎట్లున్నవో చెప్పగల ప్రేక్షకుడు అప్పటికే అరుదు. తెలుగు రచయితలు ఆ తరంలో తక్కువవారు కారు. నాటకాలమీద, నటులమీద వారు పుటలు పుటలు వ్రాసినారు. మూకీ చిత్రం మాట లేనిది కనుక సాహిత్యానికి చెందదని అనుకొన్నారో ఏమో, దాని జోలికి పోలేదు.

ఆ కాలపు ఫిలిం నైట్రేటు పదార్థంతో తయారయ్యేది. నిప్పంటుకొంటే ఆరదు, అంటుకొనకపోయినను కొన్ని దశాబ్దాలకు జిగురై, పొడియై పోతుంది. పైగా అందులో వెండి ఉన్నది. ఆడడం మానిన చిత్రాన్ని కరిగించి వెండి తీసికొన్న వర్తకులు అన్ని దేశాలలోను ఉన్నారు. మన దేశంలో తీసిన మూకీ చిత్రాలు సుమారు 1300 అని లెక్క; మిగిలినవి బహుకొద్ది. పూనాలో జాతీయ ఫిలిం భాండాగారం ఏర్పడేసరికి 1964 వచ్చినది. దక్షిణాదిన మిగిలిన ఒక చిత్రం కథ వినదగినది. సి. వి. రామన్ పిళ్ళ మలయాళ నవల ఆధారంగా 1933లో ‘మార్తాండవర్మ’ అనే మూకీ తీసినారు. నవల హక్కులు తమవని ప్రచురణకర్తలు న్యాయస్థానానికెక్కి ప్రదర్శన ఆపించినారు. ఫిలిం తిరువనంతపురంలోని ఆ పుస్తకాల దుకాణంలో పడి ఉండిపోయినది. 1974లో పూనా భాండాగారానికి చేరినది. ఊరూరా ఆడిన చిత్రాలు అరిగి కాలి పోయినవి. పుస్తకాల నడుమ నిర్బంధంలో ఉన్న చిత్రం బ్రతికినది.

హిచ్‌కాక్ అభిమానులు ఇంకను వెదకుతూనే ఉన్నారు. అతని రెండవ చిత్రం ‘ది మౌంటెన్ ఈగిల్’ కూడా దొరకలేదు. బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ తాను వెదకుతున్న చిత్రాల జాబితాలో దానికి ముఖ్యస్థానమిచ్చినది. 2011లో, అతడు సహాయదర్శకుడుగా పనిచేసిన ‘ది వైట్ షాడో’ మొదటి రీళ్ళు ఎక్కడో న్యూజీలండులో బయటపడినవి. ఆ చిత్రం విడుదలైనది కనుక దాని ప్రతులు సముద్రాలు దాటినవి. ‘నంబర్ 13’కు ప్రతులే లేవు.

ఇజ్లింగ్టన్ స్టూడియో 1949లో మూతపడినది. చాలకాలం గిడ్డంగిగా పనిచేసినది. ఈ శతాబ్దం మొదటి ఏండ్లలో ఆ స్థలాన్ని ఖరీదైన నివాసగృహాల సముదాయంగా మార్చినారు; ఆవరణలో హిచ్‌కాక్ తల ఒకటి, మనిషికంటె ఎన్నో రెట్లు పెద్దది, లోహంతో పోసి నిలిపినారు. మద్రాసు మౌంటు రోడ్డుమీది గెయిటీ కూడ పడిపోయినది. పీబాడీ నిధి ఇండ్లు మాత్రం లండనులో నేటికిని అద్దెకు దొరుకుతున్నవి.